ఓడ ఎక్కే ముందు రాత్రి, దిగిన తర్వాతి ఉదయం

ఈసారి అందిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం గురించి అడిగాయి. క్రూయిజ్ బయలుదేరే నగరంలోనో, ముగిసే నగరంలోనో మరికొన్ని రోజులు ఉండి అక్కడి పాత కట్టడాలను తీరిగ్గా చూడాలంటే ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలన్నదే ఆ ప్రశ్న. ఓడ మధ్యలో ఆగే ఊళ్లలో మనకు దక్కేది ఒక పగలు మాత్రమే, అది కూడా వేలమంది తోటి ప్రయాణికులతో కలిసి. పాత నగరాలు అందంగా ఉండేది తెల్లవారుజామున వీధులు కడుగుతున్నప్పుడు, రాత్రి భోజనాల తర్వాత జనం పలచబడినప్పుడు. ఆ రెండు వేళలూ అక్కడ రాత్రి బస చేసినవారికే దొరుకుతాయి. కాబట్టి ఈ అదనపు రోజులను ఓడ ప్రయాణానికి తోకగా కాక, దానితో సమానమైన ప్రయాణంగా భావించి ముందే ఆలోచించుకోమని నా మనవి.

ప్రశ్న: మేము అరవై దాటిన దంపతులం. మా ఓడ రోమ్ నుంచి ఆదివారం సాయంత్రం బయలుదేరి, ఏడు రాత్రుల తర్వాత మళ్లీ ఆదివారం ఉదయం అక్కడికే చేరుతుంది. రోమ్ కోసం మూడు రాత్రులు పెట్టుకున్నాం. అవి ముందు ఉండాలా, తర్వాత ఉండాలా? విమానం ఆదివారం ఉదయం దిగినా సరిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు.

జవాబు: ముందు మీ అబ్బాయి మాట సంగతి చూద్దాం. ఓడ బయలుదేరే సమయం సాయంత్రం అయిదు అని టికెట్టు మీద ఉన్నా, ఎక్కేవారి నమోదు అంతకు గంట, గంటన్నర ముందే ముగుస్తుంది. ఆలస్యమైన విమానం కోసం ఓడ ఆగుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. ఒకసారి నేను ఎక్కిన మొదటి విమానం బయలుదేరడమే ఆలస్యమై, రెండోది అందక, చేరవలసిన ఊరికి తొమ్మిది గంటలు ఆలస్యంగా చేరాను. ఓడ ఆ మర్నాడు సాయంత్రం కాబట్టి నాకు పోయింది ఒక రాత్రి నిద్ర మాత్రమే. అదే రోజు ఓడ ఎక్కవలసి ఉండి ఉంటే వారం ప్రయాణం మొత్తం పోయేది. అందువల్ల, మీరు నగరం చూసినా చూడకపోయినా, ఓడకు ముందు ఒక రాత్రి తప్పనిసరి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక రోమ్ నుంచి బయలుదేరే ఓడ నిజానికి రోమ్ నుంచి బయలుదేరదు. అది బయలుదేరేది సివిటావెక్కియా అనే రేవు నుంచి. రోమ్‌కు వాయవ్యంగా డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరంలో, రెండో శతాబ్దపు తొలినాళ్లలో ట్రాజన్ చక్రవర్తి కట్టించిన రేవు అది. రైల్లో సుమారు గంట ప్రయాణం. స్టేషను నుంచి రేవు గేటు దాకా నడిచి వెళ్లవచ్చు గానీ, గేటు లోపల ఓడలు నిలిచే చోట్లు చాలా దూరంగా ఉంటాయి, అక్కడికి బస్సు ఎక్కాల్సిందే. ఈ మొత్తానికి, మీ వయసునూ సామానునూ దృష్టిలో పెట్టుకుని, హోటల్ గది నుంచి ఓడ దాకా మూడు గంటలు లెక్కవేసుకోండి.

మూడు రాత్రులనూ ఎలా పంచుకోవాలో తేల్చవలసింది నగరపు క్యాలెండరే. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు లోపల కాలు పెట్టే చోటు ఉండదు. పాత శిల్పాలు, చిత్రాలు ఉన్న బోర్గీస్ గ్యాలరీకి సోమవారం సెలవు. పైగా అక్కడ ముందస్తు టికెట్టు లేనిదే లోపలికి పంపరు, పంపాక కూడా రెండు గంటలే ఉండనిస్తారు. కొలోసియం టికెట్టు మీద 2023 నుంచి సందర్శకుడి పేరు ముద్రిస్తున్నారు, పాస్‌పోర్టుతో సరిచూస్తారు. నెలలో మొదటి ఆదివారం కొలోసియంలో ప్రవేశం ఉచితం, ఆ వెసులుబాటు కోసం ఊరంతా అక్కడికే వస్తుంది.

ఇప్పుడు మీ తేదీలను ఈ లెక్కలో పెట్టి చూడండి. శనివారం దిగి ఒక రాత్రి పడుకుని ఆదివారం ఓడ ఎక్కడం, తిరిగి వచ్చాక ఆది, సోమ రాత్రులు రోమ్‌లో ఉండి మంగళవారం విమానం ఎక్కడం మీకు సరిపోతుందని నా ఉద్దేశం. దూరపు విమాన ప్రయాణం చేసి వచ్చిన మొదటి రోజు కాళ్లు నడుస్తాయే గానీ కళ్లు చూడవు. శనివారం సాయంత్రం రోమన్ల కాలపు ఆలయమైన పాంథియాన్ చుట్టూ ఉన్న వీధుల్లో ఓ గంట తిరిగి త్వరగా పడుకోండి. ఓడలో వారం గడిచేసరికి నిద్రవేళలు కుదురుకుంటాయి. తిరిగి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం కొలోసియం, ఫోరం చూసి, సోమవారం పొద్దున వాటికన్ మ్యూజియంలకు వెళ్లండి. ఆ ఆదివారం నెలలో మొదటిదైతే మాత్రం కొలోసియం వదిలేసి బోర్గీస్‌కు టికెట్టు తీసుకోండి. కొలోసియం, వాటికన్ టికెట్లు అధికారిక అమ్మకం తెరిచిన వెంటనే కొనుక్కోవాలి. రోమ్ చేరాక చూద్దామనుకుంటే దొరికేవి రెట్టింపు ధర పలికే బృంద యాత్రల టికెట్లే.

శనివారం రాత్రి బస ఎక్కడన్నది కూడా చెప్పాలి. ఫియుమిచినో విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే మామూలు రైలూ, నగరం నుంచి సివిటావెక్కియాకు పోయే రైలూ రెండూ ట్రాస్టెవెరె, ఒస్టియెన్సె స్టేషన్లలో ఆగుతాయి. ఆ రెండింటిలో ఏదో ఒకదాని దగ్గర గది తీసుకుంటే, రోజూ రద్దీగా ఉండే టెర్మిని స్టేషనులో పెట్టెలతో అటూ ఇటూ తిరగకుండానే రెండు ప్రయాణాలూ ముగుస్తాయి. ట్రాస్టెవెరె స్టేషను ఆ పేరుగల పాత పేటకు కాస్త దూరమన్నది గుర్తుంచుకోండి. తిరిగి వచ్చాక ఉండే రెండు రాత్రులకు మాత్రం స్టేషను సంగతి మరిచిపోయి పాత నగరం నడిబొడ్డునే ఉండండి.

పాంథియాన్ లోపలికి పగలు తప్పకుండా వెళ్లండి. 2023 జులై నుంచి దానికీ టికెట్టు పెట్టారు. పైకప్పు నడిమధ్యన తెరిచి ఉన్న గుండ్రటి కంత నుంచి ఎండ ఒక పెద్ద పళ్లెంలా గోడ మీద పడి, మనం చూస్తుండగానే మెల్లగా జరుగుతుంది. వానొస్తే నీరు తిన్నగా నేల మీద పడుతుంది. నేల కొద్దిగా వాలుగా ఉండి, ఆ నీరు పోవడానికి రాతిలో సన్నటి రంధ్రాలు ఉంటాయి. తల పైకెత్తి చూసేవారే గానీ ఆ రంధ్రాల కేసి చూసేవారు తక్కువ. మీరు చూడండి.

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై రెండేళ్లు. వెనిస్ చూడాలన్నది ఆమె చిరకాల కోరిక. వెనిస్ నుంచి బయలుదేరే ఓడకు టికెట్లు తీసుకున్నాం. ఓడ కిటికీలోంచి సెయింట్ మార్క్ చౌకు కనిపిస్తుందని విన్నాం. ముందు రెండు రోజులు అక్కడ ఉండాలనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: మీరు విన్న దృశ్యం ఇప్పుడు పెద్ద ఓడల నుంచి కనిపించదు. 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నేజీ (ఓడ పరిమాణపు కొలత) మించిన ఓడలు సెయింట్ మార్క్ ముందున్న జలాల్లోకీ, జుడెక్కా కాలువలోకీ రాకూడదని ఇటలీ ప్రభుత్వం నిషేధించింది. పునాదులే నీళ్లలో ఉన్న నగరానికి అంతంత ఓడలు చేసే చేటు గురించి అక్కడి ప్రజలు ఏళ్ల తరబడి పోరాడాక వచ్చిన నిర్ణయం అది, సరైన నిర్ణయమని నేను నమ్ముతాను. ఈ మార్పు తర్వాత ప్రకటనల్లో వెనిస్ అని ఉన్న ఓడలు ఒక్కొక్కటి ఒక్కో చోటు నుంచి బయలుదేరుతున్నాయి. కొన్ని వెనిస్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న మార్గెరా నుంచి, కొన్ని కియోజ్జా నుంచి, చాలా పెద్దవి ట్రియెస్ట్ నుంచో రవెన్నా నుంచో. ట్రియెస్ట్ రైల్లో సుమారు రెండు గంటలు. రవెన్నా రేవు రోడ్డు మీద రెండు, రెండున్నర గంటలు. కాబట్టి హోటల్ కోసం వెతికే ముందు మీ టికెట్టు తెరిచి, నగరం పేరు కాక టెర్మినల్ పేరు చూడండి.

టెర్మినల్ మార్గెరా అయితే రెండు రాత్రులూ వెనిస్‌లోనే ఉండి, ఓడ ఎక్కే రోజున పొద్దున బయలుదేరవచ్చు. ట్రియెస్ట్ అయితే మొదటి రాత్రి, రెండో పగలు వెనిస్‌కు ఇచ్చి, రెండో రాత్రికి ట్రియెస్ట్ చేరుకోమంటాను. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యానికి వందల ఏళ్లు రేవుగా ఉండి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో కలిసిన ఊరు అది. సముద్రం వైపు తెరుచుకున్న దాని పెద్ద చౌకును ఆనుకునే ఓడలు నిలుస్తాయి. మర్నాడు అమ్మగారు హోటల్ నుంచి ఓడకు నాలుగడుగులు వేస్తే చాలు.

రవెన్నా అని ఉంటే బాధపడవద్దు. వెనిస్ పుట్టకముందే రాజధానిగా వెలిగిన నగరం అది. 402 నుంచి పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి అదే రాజధాని. అయిదో, ఆరో శతాబ్దాల నాటి దాని చర్చిల గోడల మీద, పైకప్పుల మీద పొదిగిన రంగు గాజు ముక్కల చిత్రాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 547లో ప్రతిష్ఠించిన సాన్ విటాలె చర్చిలో చక్రవర్తి జస్టీనియన్, రాణి థియోడోరా ఎదురెదురు గోడల మీద పరివారంతో నిలబడి ఉంటారు. ఇటలీ మహాకవి దాంతే సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. నన్నడిగితే, రవెన్నా నుంచి ఓడ ఎక్కుతూ ఆ చర్చిలు చూడకుండా వెళ్లడం వెనిస్‌ను వదులుకోవడం కన్నా పెద్ద నష్టం.

వెనిస్‌లో అమ్మగారికి అసలు ఇబ్బంది వయసు కాదు, వంతెనలు. నగరంలో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నీ మెట్లవే. పటంలో మూడు వందల మీటర్ల దూరం అని కనిపించే హోటల్‌కు నాలుగు వంతెనలు దాటవలసి రావచ్చు. చక్రాల పెట్టెను మెట్టు మెట్టుకూ ఎత్తి దించుతూ, ఇరుకు సందులో వెనకవాళ్లు దారి అడుగుతుంటే పక్కకు తప్పుకుంటూ వెళ్లడం ఎంత కష్టమో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. హోటల్ తీసుకునేటప్పుడు ధర కన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి: నీటి బస్సు ఆగే రేవు నుంచి మీ గుమ్మం దాకా వంతెన ఉందా, ఉంటే ఎన్ని? లేదన్న జవాబు వచ్చిన హోటలే మీది. లిఫ్టు ఉందా అన్నది రెండో ప్రశ్న. పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు. వీలైతే పెద్ద పెట్టెలను రైల్వే స్టేషనులోనే భద్రపరిచి, రెండు రోజుల బట్టలున్న చేసంచితో నగరంలోకి వెళ్లండి.

ఇంకొక మాట. 2024 నుంచి వెనిస్ కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, పగలు వచ్చి పగలే వెళ్లేవారి నుంచి ప్రవేశ రుసుము తీసుకుంటోంది. రాత్రి బస చేసేవారికి అది లేదు, వారు హోటల్‌లో కట్టే బస పన్నే చాలు. కానీ మినహాయింపు ఉందని నగరపాలక సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసుకుని ఆ కాగితం దగ్గర ఉంచుకోవాలి.

ప్రశ్న: ఓడ ఉదయం ఏడింటికి రేవు చేరుతుంది. హోటల్‌లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ఈ మధ్య సమయంలో సామానుతో ఏం చేయాలి?

జవాబు: చాలామంది ఎప్పుడూ అడగని ప్రశ్న ఇది, దిగిన రోజు ఉదయం వారు పడే అవస్థకు కారణమూ ఇదే. ఓడ ఏడింటికి చేరినా మీరు దిగేది ఎనిమిదికీ తొమ్మిదిన్నరకూ మధ్య. దిగే ముందు రాత్రి మీ పెట్టెలకు రంగు, అంకె ఉన్న ట్యాగులు కట్టి గది బయట పెట్టమంటారు. అవి మర్నాడు టెర్మినల్‌లో ఆ రంగు వరుసలో దొరుకుతాయి. ఇక్కడే జాగ్రత్త పడాలి. పాస్‌పోర్టు, మందులు, కళ్లజోడు, ఛార్జరు, పొద్దున కట్టుకునే బట్టలు, చెప్పులు ఇవన్నీ మంచం మీద విడిగా పెట్టుకున్నాకే పెట్టె మూయండి. ఒక ప్రయాణంలో మా పక్క గదిలోని పెద్దాయన రక్తపోటు మాత్రలు పెట్టెలో పెట్టేసి, అర్ధరాత్రి నడవాలోకి వచ్చి చూసేసరికి పెట్టె వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆయన భార్య కంటి మీద కునుకు లేకుండా కూర్చుంది.

మీ సామాను మీరే మోసుకుని దిగగలిగితే, ట్యాగులతో పని లేకుండా అందరికన్నా ముందు దిగే ఏర్పాటు చాలా ఓడల్లో ఉంటుంది. పెట్టె చిన్నదైతే అదే మేలు. దిగిన వెంటనే నేరుగా హోటల్‌కే వెళ్లండి. గది సిద్ధంగా లేకపోయినా పేరు నమోదు చేసి సామాను ఉంచుకుంటారు, సాధారణంగా దానికి డబ్బు తీసుకోరు. వారం ముందే ఉత్తరం రాసి ఉదయం పదింటికి వస్తున్నామని చెబితే, ఖాళీ ఉన్నప్పుడు గది ముందే ఇచ్చే అవకాశమూ ఉంది. అక్కడి నుంచి చేతులు ఊపుకుంటూ నగరంలోకి నడవండి. పెద్ద మ్యూజియాలకూ కోటలకూ సూట్‌కేసుతో వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు, కాబట్టి సామాను పెట్టి వెళ్లడం తప్ప వేరే దారి లేదు.

ఆ రోజు టికెట్టు సమయం మధ్యాహ్నం రెండు తర్వాత ఉండేలా చూసుకోండి. ఓడ దిగడం ఆలస్యమైతే పదింటి టికెట్టు చెల్లదు, డబ్బూ తిరిగి రాదు. అదే రోజు విమానం ఎక్కేవారు రేవు నగరంలోనే ఉంటే మధ్యాహ్నం దాటాక బయలుదేరే విమానమూ, రేవు దూరంగా ఉంటే ఇంకో రెండు గంటలు ఆలస్యంగా ఉన్నదీ చూసుకోవాలి.

ప్రశ్న: ఆగస్టులో ఏథెన్స్ నుంచి క్రూయిజ్. పదేళ్లు, ఆరేళ్లు ఉన్న పిల్లలతో వెళుతున్నాం. రేవుకు దగ్గరగా పిరేయస్‌లో ఉంటే మంచిదా, ఏథెన్స్‌లోనా?

జవాబు: ఏథెన్స్‌లోనే ఉండండి. పిరేయస్‌కూ నగర కేంద్రానికీ మధ్య పది కిలోమీటర్లు మించి లేదు. 2022 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను విమానాశ్రయం నుంచి నగర కేంద్రంలోని సింటగ్మా, మొనాస్టిరాకి మీదుగా తిన్నగా పిరేయస్ దాకా వెళుతోంది. విమానం దిగి అదే రైల్లో నగరంలోకి, మర్నాడు మళ్లీ అదే రైల్లో రేవుకు వెళ్లవచ్చు. ఒక్క చిక్కు ఉంది: క్రూయిజ్ టెర్మినళ్లు రేవుకు అవతలి కొసన ఉంటాయి, మెట్రో స్టేషను నుంచి పిల్లలతో, పెట్టెలతో నడిచే దూరం కాదు. అక్కడ టాక్సీ తీసుకోండి. పిరేయస్‌ను రేవుగా తీర్చిదిద్దింది పర్షియన్ల దాడి కాలంలో ఏథెన్స్‌ను నడిపించిన థెమిస్టోక్లీస్. ఆయన తర్వాతి కాలంలో ఏథెన్స్‌వారు నగరానికీ రేవుకూ మధ్య దారికి రెండు వైపులా పొడుగాటి గోడలు కట్టి, శత్రువు చుట్టుముట్టినా ఓడల్లో ధాన్యం లోపలికి వచ్చేలా చేశారు. మెట్రోలో వెళుతున్నప్పుడు మీ పదేళ్ల పిల్లకో పిల్లాడికో ఈ కథ చెప్పండి. ఆ ప్రయాణం విసుగనిపించదు.

ఆగస్టు ఎండ విషయం చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను. అక్రోపొలిస్ కొండ మీద నీడ లేదు. తెల్లటి పాలరాయి కింద నుంచి కూడా వేడిని కళ్లలోకి కొడుతుంది. 2023, 2024 వేసవుల్లో వడగాడ్పులు ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం పూట కొండను మూసేశారు. 2023 సెప్టెంబరు నుంచి గంటల వారీ టికెట్లు, రోజుకు 20 వేల మంది పరిమితి వచ్చాయి. మీరు ఉదయం ఎనిమిదింటి టికెట్టే కొనండి, వేరేది కొనవద్దు. ఏడున్నరకు గేటు దగ్గర ఉంటే ఎండ ముదిరేలోగా దిగి వచ్చేస్తారు. వేల ఏళ్లుగా కాళ్లు పడి అక్కడి రాయి అద్దంలా నున్నబడింది, పొడిగా ఉన్నప్పుడు కూడా జారుతుంది. పిల్లలకు పట్టున్న బూట్లు వేయించండి.

కొండ దిగాక తిన్నగా 2009లో తెరిచిన అక్రోపొలిస్ మ్యూజియంలోకి వెళ్లండి. లోపల చల్లగా ఉంటుంది. ప్రవేశం దగ్గర అడుగున గాజు నేల, దాని కింద తవ్వకాల్లో బయటపడ్డ పాత ఇళ్ల గోడలు, నూతులు. ఆరేళ్ల పిల్లలు ఆ గాజు మీద బోర్లా పడుకుని కిందికి చూడటం నేను చూశాను, అక్కడి నుంచి లేపడమే కష్టం. పై అంతస్తును కొండ మీది పార్థెనాన్ ఆలయం దిక్కుకు సరిగ్గా సమాంతరంగా కట్టారు. శిల్పాల పక్కన నిలబడి తల తిప్పితే కిటికీలోంచి అవి ఒకప్పుడు ఉన్న ఆలయమే కనిపిస్తుంది. కొన్ని పలకలు లండన్‌లో ఉన్నాయి. వాటి స్థానంలో పెట్టిన తెల్లటి నకళ్లు చూడగానే తేడా తెలిసిపోతుంది. మధ్యాహ్నం గదిలో పడుకోబెట్టి, సాయంత్రం ప్లాకా అనే పాత పేట వీధుల్లో తిప్పండి. ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా ఓడ గ్రీసు ద్వీపాలు తిరిగి ఇస్తాంబుల్‌లో ముగుస్తుంది. అక్కడ రెండు రోజులు ఉంటాం. షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికి తీసుకుంటే చాలా?

జవాబు: ఓడ ఆగే ఊళ్ల వరుస చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. చాలా గ్రీసు క్రూయిజ్‌లు మధ్యలో తుర్కియే (టర్కీ)లోని కుశాదాసి రేవులో ఆగుతాయి, ఎఫెసస్ శిథిలాలు చూపించడానికి. అక్కడ ఆగి మళ్లీ రోడ్స్‌కో మికొనోస్‌కో వెళితే, మీరు షెంగెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం) దాటి తిరిగి అందులో అడుగుపెట్టినట్టే. వీసా అవసరమైన ప్రతివారూ అలాంటప్పుడు ఒకటికి మించిన ప్రవేశాలకు అనుమతి ఉన్న వీసా తీసుకోవాలి. కుశాదాసి తర్వాత తిన్నగా ఇస్తాంబుల్ అయితే, తిరుగు విమానం షెంగెన్ దేశంలో ఆగి బయటికి రావలసిన అవసరం లేకపోతే, ఒక్క ప్రవేశం సరిపోతుంది. అయినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు కాబట్టి దరఖాస్తులోనే ఓడ దారి పట్టిక జతచేసి ఎక్కువ ప్రవేశాలు అడగడం మంచిది. తుర్కియే వీసా వేరేగా తీసుకోవాలి.

ఇస్తాంబుల్‌లో ఓడలు ఎక్కువగా 2021లో తెరిచిన గలాటాపోర్ట్‌లో నిలుస్తాయి. అది నగరం నడిమధ్యనే ఉంది, కాబట్టి రోమ్‌లోలా దూరాల లెక్కలు ఇక్కడ అక్కర్లేదు. పక్కనే ట్రాము ఎక్కితే గలాటా వంతెన దాటి పాత కట్టడాలున్న సుల్తానహ్మెత్ పేట చేరుకోవచ్చు. చూసుకోవలసింది సెలవు రోజులే. టోప్‌కాపి రాజభవనానికి మంగళవారం, దోల్మాబాచె రాజభవనానికి సోమవారం, గ్రాండ్ బజారుకు ఆదివారం సెలవు. మొదట చర్చిగా కట్టిన హగియా సోఫియా 2020 నుంచి మళ్లీ మసీదు. విదేశీ సందర్శకులు విడి దారిలో, టికెట్టు మీద పై అంతస్తు వరండాల్లోకి వెళతారు, శుక్రవారం మధ్యాహ్నపు ప్రార్థన వేళ ప్రవేశం ఉండదు. 537లో పూర్తయిన ఆ కట్టడపు గుమ్మటం కింద నిలబడాలన్న కోరిక ఉన్నవారికి ఇది కొంత నిరాశ కలిగించినా, పాత మొజాయిక్ చిత్రాలను దగ్గరగా చూడగలిగేది ఆ వరండాల నుంచే.

ఓడ సోమవారం చేరితే ఆ పగలే టోప్‌కాపి ముగించండి, మర్నాడు అది ఉండదు. ఆ మంగళవారం పగలు హగియా సోఫియాకూ, సులేమానియె మసీదుకూ, బజారుకూ ఇవ్వండి.

ప్రశ్న: ఓడ సంస్థే ముందు రోజుల హోటల్, రవాణా కలిపి ప్యాకేజీ అమ్ముతోంది. అది తీసుకోవడమా, సొంతంగా చూసుకోవడమా?

జవాబు: మొదటిసారి వెళ్లేవారికీ, నడక కష్టమైనవారికీ ప్యాకేజీలోని రవాణా భాగం నిజంగా మేలు. హోటల్ భాగం విషయంలో మాత్రం రెండుసార్లు ఆలోచించండి. బస్సులు ఆగడానికి వీలుగా ఉండాలి కాబట్టి వారు ఎంచుకునే హోటళ్లు తరచు పాత నగరానికి దూరంగా, పెద్ద రోడ్ల పక్కన ఉంటాయి. డబ్బు కట్టే ముందు హోటల్ పేరు అడిగి పటంలో చూసుకోండి. నగర కేంద్రంలో అన్న మాటను నమ్మకుండా, మీరు చూడదలచిన కట్టడం దాకా నడక ఎన్ని నిమిషాలో కొలవండి. పావుగంట దాటితే సొంతంగా గది తీసుకుని, రవాణా మాత్రం వారి దగ్గర కొనండి. చాలా సంస్థలు విడిగానూ అమ్ముతాయి. సొంతంగా వెళ్లేవారు ఓడ కాగితాల్లో ఉండే రేవు ఏజెంటు ఫోన్ నంబరును విడిగా రాసి జేబులో పెట్టుకోవాలి. దారిలో ఆలస్యమైతే మొదట ఫోన్ చేయవలసింది ఆయనకే.

ప్రశ్న: ప్రయాణ బీమా ఓడ తేదీలకే తీసుకుంటే చాలదా?

జవాబు: చాలదు. ఇంటి గుమ్మం దాటిన రోజు నుంచి తిరిగి అడుగుపెట్టే రోజు దాకా ఉండాలి. షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఎలాగూ కావాలి. దానితో పాటు, విమానం ఆలస్యమై ఓడ అందకపోతే తర్వాతి రేవు దాకా వెళ్లే ఖర్చు ఇస్తారా అన్నది పాలసీలో వెతికి చదవండి. ఆ వాక్యం లేని పాలసీ ఈ ప్రయాణానికి పనికిరాదు.

ప్రశ్న: ఓడ ఆదివారం ఉదయం లిస్బన్‌లో ముగుస్తుంది. సోమవారం రాత్రి విమానం. ఒక్క రాత్రే కదా, విమానాశ్రయం దగ్గర ఉండిపోదామా?

జవాబు: వద్దు. 2017లో తెరిచిన అక్కడి టెర్మినల్ అల్ఫామా పేట పాదాల దగ్గరే ఉంది, మెట్రో స్టేషను పక్కనే. 1755 నవంబరు 1 నాటి భూకంపం లిస్బన్‌లో ఎక్కువ భాగాన్ని నేలమట్టం చేసినప్పుడు చాలావరకు మిగిలిన పాత వీధులు ఆ పేటవే. అన్నీ ఎత్తుపల్లాలు, సన్నటి మెట్లు, నున్నటి చిన్న రాళ్లు పరిచిన దారులు. కనుక గదిని అల్ఫామా పైభాగాన కాక, దిగువన చదునుగా ఉన్న బైషా పేటలో తీసుకోండి. భూకంపం తర్వాత తిన్నటి వీధులతో తిరిగి కట్టిన భాగం అది, పెట్టెలు సులువుగా దొర్లుతాయి. బెలెంలోని జెరోనిమోస్ మఠానికి సోమవారం సెలవు. అందుకని ఆదివారమే, హోటల్‌లో సామాను పెట్టిన వెంటనే అక్కడికి వెళ్లి, అల్ఫామాను సోమవారం ఉదయానికి ఉంచుకోండి. ఎనిమిది లోపు బయలుదేరితే, ఆ రోజు రేవు చేరిన ఓడల జనం ఇంకా ఫలహారాల దగ్గర ఉండగానే, కిటికీల్లో ఆరేసిన బట్టల కింద నుంచి నది కనిపించే ఎత్తు దాకా మీరు ఎక్కేసి ఉంటారు.